నాన్న దావా కట్ట విప్పి చూడమ్మా

ప్రశ్న: సార్, నేను విశాఖపట్నంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది చోడవరం దగ్గర పల్లె. డిగ్రీ వరకు తెలుగు మీడియమే. ఈ సెమిస్టర్‌లో సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్, సివిల్ దావాలు నడిచే పద్ధతి చెప్పే చట్టం) ఉంది. రెస్ జుడికేటా అంటే ఏమిటి, డిక్రీకి ఆర్డర్‌కి తేడా ఏమిటి అని అడిగితే బట్టీ పట్టింది గడగడా చెప్పేస్తాను. దావా వేసిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో వరసగా చెప్పమంటే మాత్రం ఒక్క ముక్క రాదు. పోయిన నెల ఊరెళ్లాను. మా గట్టు తగాదా మీద నాన్న 2017లో ఇంజంక్షన్ (అవతలివాళ్లు జోక్యం చేసుకోకూడదనే కోర్టు ఉత్తర్వు) కోసం వేసిన దావా ఇంకా నడుస్తోంది. "మన లాయరుగారు ఏదో ఐ.ఏ. వేశారట. కమిషనర్ వస్తాడట. అదేంటమ్మా, మంచికా చెడుకా?" అని నాన్న అడిగారు. లా చదువుతున్న కూతుర్ని, నోరు పెగల్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు (ఆ కోడ్‌లో రూల్స్ ఉండే అధ్యాయాలు) తలుచుకుంటేనే టెన్షన్. సీనియర్లు గైడు చదివి పాసైపొమ్మంటున్నారు. కోచింగ్‌లో చేరనా? లేక క్రిమినల్ వైపు వెళ్లిపోనా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు చెబుతాను. ఆయన ఇంకా ఎదురుచూస్తూ ఉంటారు.

పెద్ద దావా నడుస్తుండగా మధ్యలో కోర్టుని అడిగే చిన్న కోరికే ఐ.ఏ. దానికి వేరే నంబరు పడుతుంది, వేరే అఫిడవిట్ ఉంటుంది, అవతలివాళ్లు దానికి కౌంటరు వేస్తారు, కోర్టు దాని మీద విడిగా ఉత్తర్వు ఇస్తుంది. దావా మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మీ లాయరుగారు వేసింది ఆర్డర్ 26 రూల్ 9 కింద అయ్యుంటుంది. జడ్జిగారు పొలానికి వచ్చి గట్టు చూడలేరు కాబట్టి తన తరఫున ఒక అడ్వకేటుని కమిషనర్‌గా పంపిస్తారు. ఆయన మండల సర్వేయరు సాయంతో కొలిపించి, చూసింది చూసినట్టు రిపోర్టు, స్కెచ్ కోర్టుకి ఇస్తారు. ఆ రిపోర్టు తీర్పు కాదు. నచ్చకపోతే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, అవసరమైతే కమిషనర్‌నే సాక్షిగా బోను ఎక్కించి ప్రశ్నలు అడగొచ్చు. హద్దు తగాదాల్లో కమిషనర్‌ని వేసి కొలిపించడమే సరైన పద్ధతని సుప్రీంకోర్టు 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో చెప్పింది. కాబట్టి నాన్నకి ఇలా చెప్పు: "మన గట్టు మన కాగితాల్లో ఉన్నచోటే ఉంటే ఇది మనకి మంచిదే నాన్నా, భయపడకు."

రెస్ జుడికేటా గడగడా చెప్పగలిగిన పిల్లకి ఈ నాలుగు మాటలు ఎందుకు రాలేదంటే, నీకు తెలివి తక్కువై కాదు. నువ్వు కోడ్ చదివిన వరసలో దావా నడవదు, అంతే. సిలబస్ సెక్షన్ 2 నిర్వచనాలతో మొదలవుతుంది. తర్వాత 9, 10, 11. ఒకసారి తేలిపోయిన తగాదాని మళ్లీ తిరగదోడకూడదని చెప్పేది సెక్షన్ 11, అదే నీ రెస్ జుడికేటా. నువ్వింకా ఒక్క దావా మొదలవడం కూడా చూడలేదు, అప్పుడే ముగిసిపోయిన దావా గురించి చదువుతున్నావు. పెళ్లిచూపులకి ముందే పంపకాల కాగితం చదివినట్టు ఉంటుంది. తలకెక్కకపోవడంలో వింతేమీ లేదు.

పుస్తకంలో ఇంకో సంగతి చూడు. సెక్షన్లు సూత్రాలు చెబుతాయి. పని చేయించేవి ఆర్డర్లు. సెక్షన్లని మార్చాలంటే చట్టసభే మార్చాలి. ఆర్డర్లలోని రూల్స్‌ని సెక్షన్ 122 కింద హైకోర్టులు కూడా మార్చుకోవచ్చు. ఎందుకంటే అవి రోజూ వాడే పనిముట్లు, ఏ ప్రాంతం అవసరం దానిది. మన విద్యార్థులు సెక్షన్లకి రంగుల పెన్నులతో గీతలు గీసి ఆర్డర్లు వదిలేస్తారు. కోర్టు హాల్లో ఒక రోజు కూర్చుంటే ఆర్డర్ 39, ఆర్డర్ 9, ఆర్డర్ 21 అన్న మాటలు వినపడినన్ని సార్లు సెక్షన్ పేరు వినపడదు.

ఇక నా సలహా. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ నాన్నగారి దావా కట్ట అడిగి తీసుకో. ప్రతి రైతు ఇంట్లోనూ అది ఒక పాలిథీన్ కవర్లోనో, ట్రంకు పెట్టె అడుగునో పాస్ పుస్తకంతో పాటు ఉంటుంది. లేకపోతే మీ లాయరుగారి దగ్గర ఉంటుంది, నాన్నని తోడు తీసుకెళ్లి అడుగు. అక్కడా కొన్ని కాగితాలు లేకపోతే నాన్న పేరు మీద కాపీ అప్లికేషన్ పెడితే కోర్టు నుంచే సర్టిఫైడ్ కాపీలు వస్తాయి. ఆ కట్ట ఒక పక్కన, బేర్ యాక్టు, అంటే వ్యాఖ్యానాలు లేని ఉత్త చట్టం పుస్తకం, ఇంకో పక్కన పెట్టుకుని కింద కూర్చో. ఏయూ లా కాలేజీలో చదివినా, సబ్బవరంలోని నేషనల్ లా యూనివర్సిటీలో చదివినా చేతిలో ఉండే బేర్ యాక్టు ఒక్కటే. నీ ఒళ్లో ఉన్న కట్ట మాత్రం నీకే ఉంది.

మొదట ప్లెయింట్ తియ్యి. తెలుగులో దావా పత్రం. దాన్ని కథలా ఒకసారి చదివెయ్యి. రెండోసారి ఆర్డర్ 7 రూల్ 1 తెరిచి పెట్టుకుని, అందులో అడిగిన ఒక్కొక్కటీ ప్లెయింట్‌లో ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టు. కోర్టు పేరు పైన ఉంటుంది. వాది, ప్రతివాది వివరాలు ఆ తర్వాత. "దావాకి కారణం ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో పుట్టింది" అనే పేరా దొరుకుతుంది. అదే కాజ్ ఆఫ్ యాక్షన్. ఆ తేదీ లేకపోతే దావా కాలదోషం పట్టిందో లేదో తెలియదు, ఆ ఊరి పేరు లేకపోతే ఈ కోర్టుకి అధికారం ఉందో లేదో తెలియదు. భూమి తగాదా కాబట్టి భూమి ఉన్నచోటే వెయ్యాలన్నది సెక్షన్ 16. మీ నాన్న విశాఖ వచ్చి కాక చోడవరంలో వేసింది అందుకే. ఆ తర్వాత విలువ, కోర్టు ఫీజు పేరా. అది మన రాష్ట్రంలో 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం లెక్క కడతారు. చివర్లో షెడ్యూలు: సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరం, దక్షిణం. స్థిరాస్తిని గుర్తుపట్టేలా రాయాలని ఆర్డర్ 7 రూల్ 3 చెబుతుంది. ఈ నాలుగు హద్దుల దగ్గర కాస్త ఆగు. దస్తావేజులో ఉన్న హద్దులు, షెడ్యూల్లో ఉన్న హద్దులు ఒకటేనా? పక్క పొలం చేతులు మారి పేరు మారిందా? మీ కేసులో కమిషనర్ ఎందుకు కావాల్సి వచ్చాడో సగం అక్కడే తెలిసిపోతుంది.

అడిగిన ఉపశమనం ఏమిటో కూడా చూడు. పర్మనెంట్ ఇంజంక్షన్ ఒక్కటేనా, హక్కు మాదని ప్రకటించమని కూడా అడిగారా? దీని మీద మన తెలుగు నేల నుంచే సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసు ఉంది, అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి, 2008. స్వాధీనం మనదై, హక్కు మీద పెద్ద అనుమానం లేకపోతే ఉత్త ఇంజంక్షన్ చాలు. హక్కు మీదే మబ్బు కమ్మితే డిక్లరేషన్ అడగాలి. భూమి చేతిలో లేకపోతే స్వాధీనం కూడా అడగాలి. ఈ తీర్పు నువ్వు పూర్తిగా చదవాలి. మీ నాన్న ప్లెయింట్ పక్కన పెట్టుకుని చదివితే మూడు రోజులు పట్టే తీర్పు మూడు గంటల్లో ఎక్కుతుంది.

ఆ తర్వాత సమన్లు. ఇక్కడ ఇంకొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. ఎందుకంటే సివిల్ ప్రొసీజర్ ప్రాణం అంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. కోర్టు అమీనా సమన్లు పట్టుకుని ఇంటికి వెళ్తాడు. మనిషి లేడు. అప్పుడు ఇంట్లో ఉన్న పెద్ద వయసు కుటుంబసభ్యులకి ఇవ్వొచ్చు, కానీ పనిమనిషికి ఇస్తే చెల్లదు. ఎవరూ తీసుకోకపోతే, మనిషి దొరకకపోతే వీధి తలుపుకి అంటించాలి. అంటించి ఊరుకుంటే సరిపోదు. ఏ పరిస్థితిలో అంటించాడో, ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో రాసి కాగితాన్ని కోర్టుకి వెనక్కి పంపాలి. ఇదంతా ఆర్డర్ 5 రూల్స్ 15, 17. పుస్తకంలో చదివితే ఇంత చాదస్తం ఎందుకనిపిస్తుంది. మన ఉత్తరాంధ్ర సంగతి తలుచుకో. సగం పల్లె హైదరాబాదు, చెన్నై బిల్డింగు పనులకి వలస పోయి ఉంటుంది. ఇంటికి తాళం. ఆ తలుపుకి అంటించిన కాగితం వానకి తడిసి రాలిపోతుంది. వాళ్లు సంక్రాంతికి వచ్చేసరికి పొలం మీద ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే వాళ్ల మాట వినకుండానే ఇచ్చిన తీర్పు, అయిపోయి ఉంటుంది. అలాంటి మనిషికి ఆర్డర్ 9 రూల్ 13 ఒక దారి: సమన్లు నాకు సరిగ్గా అందలేదు, డిక్రీ రద్దు చేసి నా మాట వినండి అని. దానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందనప్పుడు ఆ 30 రోజులు డిక్రీ తేదీ నుంచి కాదు, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. అమీనా రాసిన ఆ నాలుగు వాక్యాలే అప్పుడు ఆ మనిషికి పొలం.

అందుకే ప్రతి రూల్ దగ్గర నిన్ను నువ్వు ఒకే ప్రశ్న అడుగు: ఈ రూల్ లేకపోతే ఎవరికి అన్యాయం జరిగేది? జవాబు దొరికితే రూల్ గుర్తుండిపోతుంది. రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి ప్రతివాది ఇచ్చే జవాబు) 30 రోజుల్లో వెయ్యాలి, కోర్టు కారణాలు రాసి 90 రోజుల దాకా పొడిగించవచ్చు అన్నది లేకపోతే వాది ఏళ్లకేళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఆ 90 రోజులు దాటితే గొంతు నొక్కేయడమేనా అంటే, మామూలు దావాల్లో తగిన కారణం ఉంటే కోర్టు ఇంకా అనుమతించవచ్చని 2005లో సుప్రీంకోర్టు సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. వాణిజ్య కోర్టుల దావాల్లో మాత్రం 120 రోజులు దాటితే తలుపు మూసుకున్నట్టే. ఒకచోట తలుపు ఎందుకు తెరిచారు, ఇంకోచోట ఎందుకు మూశారు అని ఆలోచిస్తే, అది పరీక్షలో పది మార్కుల జవాబు కూడా అవుతుంది.

గడువు లెక్క ఎంత పని చేస్తుందో నేను చాలా కష్టంగా నేర్చుకున్నాను. నీకు చెప్పాలి. నేను జూనియర్‌గా చేరిన రెండో ఏడు. మా క్లయింటు ఒక ముసలావిడ, ఇంటి స్థలం కోసం దావా. ప్రతివాది చనిపోయారని అవతలి లాయరు మెమో వేశారు. నేను డైరీలో "డెత్ మెమో ఫైల్డ్" అని రాసుకుని, వాయిదా తేదీ వేసుకుని వచ్చేశాను. చనిపోయిన రోజు నుంచి 90 రోజుల్లోపు అతని వారసుల్ని రికార్డు మీదకి తేవాలని ఆర్డర్ 22 రూల్ 4, లిమిటేషన్ చట్టం నేను చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఆ కాగితం చేతిలోకి వచ్చినప్పుడు మాత్రం గుర్తు రాలేదు. లెక్క మెమో వేసిన రోజు నుంచి కాదు, చనిపోయిన రోజు నుంచి అన్నది అంతకన్నా గుర్తు రాలేదు. దావా అబేట్ అయిపోయింది, అంటే చనిపోయినతని మీద దానంతటదే ముగిసిపోయింది. ఆ తర్వాతి 60 రోజులు కూడా దాటిపోయాయి. వారసుల్ని చేర్చమని ఒకటి, అబేట్‌మెంట్ రద్దు చెయ్యమని ఒకటి, ఆలస్యాన్ని మన్నించమని ఒకటి, మూడు ఐ.ఏ.లు వేశాం. కోర్టు దయతో మన్నించింది. అప్పటికి ఎనిమిది నెలలు పోయాయి. ఆవిడ ప్రతి వాయిదాకీ బస్సెక్కి వచ్చి వరండాలో గోడకి ఆనుకుని కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు నాదని ఆవిడకి తెలియదు కూడా. నేనే చెప్పాను. "పోనీలే బాబూ, ఇప్పుడు సరిచేశావు కదా" అంది. ఆ రోజు నుంచి ఏ కాగితం చేతికి వచ్చినా మొదట చూసేది దాని మీద ఉన్న తేదీనే.

మళ్లీ నీ కట్టలోకి వద్దాం. రిటన్ స్టేట్‌మెంట్ తియ్యి. ప్లెయింట్‌లో ప్రతి పేరాకీ దీంట్లో జవాబు ఎక్కడుందో వెతుకు. జవాబు చెప్పకుండా వదిలేసిన సంగతిని ఒప్పుకున్నట్టే లెక్క, అది ఆర్డర్ 8 రూల్ 5. ఇప్పుడు ఒక అభ్యాసం చెబుతాను, నాకు తెలిసినంతలో సీపీసీ నేర్చుకోవడానికి ఇంతకు మించింది లేదు. ఈ రెండు కాగితాలూ చదివాక, కట్టలో ఇష్యూలున్న కాగితం చూడకుండా నీ నోటుబుక్కులో ఇష్యూలు నువ్వే రాయి. ఒకరు అవునన్నది, ఇంకొకరు కాదన్నది, తేలితే గాని తీర్పు రానిది, అదే ఇష్యూ. "షెడ్యూలు భూమి దావా వేసిన తేదీకి వాది స్వాధీనంలో ఉందా?" అన్నట్టు. రాశాక కోర్టు రాసిన ఇష్యూలతో పోల్చి చూడు. తేడా వచ్చిన చోట ఎందుకొచ్చిందో వెతుకు. కోర్టు వదిలేసిన ఇష్యూ నీకు దొరకవచ్చు కూడా. దానికీ ఆర్డర్ 14 రూల్ 5 ఉంది, డిక్రీ ముందు ఎప్పుడైనా ఇష్యూ చేర్చవచ్చు, సవరించవచ్చు. ఇలా మూడు కేసుల్లో చేశావంటే క్లాసులో ఎవరికీ లేని చూపు నీకు వస్తుంది.

డాకెట్ షీటు కూడా సంపాదించు. ప్రతి వాయిదా నాడు కోర్టు రాసిన రెండు మూడు లైన్లే డాకెట్. ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్ఆర్ నంబరు, అంటే ఆ 16 అక్షరాల నంబరు కొడితే ఏ తేదీన దేనికి వాయిదా పడిందో వరసగా కనిపిస్తుంది. 2017 నుంచి ఇప్పటిదాకా ఆ వాయిదాలన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన కారణం రాయి. సమన్లు తిరిగి రాలేదు, ప్రతివాది టైమ్ కోరారు, సాక్షి రాలేదు, పి.ఓ. (జడ్జిగారు) సెలవు, మనవాళ్లే టైమ్ కోరారు. విచారణ మొదలయ్యాక ఒక పార్టీకి మూడుసార్లకి మించి వాయిదా ఇవ్వకూడదని ఆర్డర్ 17 రూల్ 1 అంటుంది. మీ కాగితం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. మనసుకి బాధగా ఉంటుంది, తెలుసు. మీ నాన్న ఎన్ని పనిదినాలు పోగొట్టుకున్నారో అక్కడ కనిపిస్తుంది. అయినా చెయ్యి. ఏ జాప్యం చట్టంలో ఉంది, ఏ జాప్యం మనుషుల్లో ఉంది అన్నది ఆ కాగితం చెప్పినట్టు ఏ గైడూ చెప్పదు.

సాక్ష్యం దశ గురించి ఎక్కువ రాయను, అది చూసి నేర్చుకోవాల్సిందే. చీఫ్, అంటే సాక్షి తన పక్షం తరఫున మొదట చెప్పేది, ఇప్పుడు అఫిడవిట్ రూపంలోనే వస్తుంది. వాది పీడబ్ల్యూ1 (వాది పక్షం మొదటి సాక్షి), ఆయన కాగితాలు ఎగ్జిబిట్ ఎ1 నుంచి. ప్రతివాదివి బి1 నుంచి. అసలు పోరు క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు. జగదాంబ దగ్గరి జిల్లా కోర్టుకి వారంలో ఒక రోజు వెళ్లు. ఉదయం పదిన్నరకి ముందే ఏదో ఒక సివిల్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చో. మొదట కాల్ వర్క్. కేసు నంబర్లు గబగబా పిలుస్తారు, లాయర్లు లేచి ఒక్క మాట చెప్పి కూర్చుంటారు, ఏమీ అర్థం కాదు. కంగారు పడకు. మూడో వారానికి చెవి అలవాటవుతుంది. కాల్ వర్క్ అయ్యాక ట్రయల్ ఉంటే బోనులో సాక్షి తెలుగులో చెప్పేది రికార్డులోకి ఇంగ్లిష్‌లో ఎలా ఎక్కుతుందో గమనించు. "నాకు గుర్తు లేదు", "నాకు తెలియదు", "అది నిజం కాదు" అనే మూడు జవాబులకీ ఎంత తేడా ఉందో అక్కడే తెలుస్తుంది. తెలుగు మీడియంలో చదివానని నువ్వు దిగులు పడుతున్నావు గాని, సాక్షి మాటలోని యాస, దాని బరువు పట్టుకోవడంలో నువ్వే ముందుంటావు. లోపలికి రానివ్వరేమోనని అనుమానం వద్దు. సివిల్ కోర్టు బహిరంగ న్యాయస్థానం, సెక్షన్ 153బి ఆ మాటే చెబుతుంది. ఫోను సైలెంట్‌లో పెట్టు, జడ్జిగారు వచ్చినప్పుడు, లేచినప్పుడు నువ్వూ లేచి నిలబడు, అంతే.

నీకు మూట్ కోర్టు పేపర్ ఎలాగూ ఉంటుంది. అందులో ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ చూసి డైరీ రాయడానికి 30 మార్కులు. ఆ డైరీలు పై క్లాసు వాళ్లవి తెచ్చి ఎక్కించేయడం నేను చూస్తూనే ఉన్నాను. దయచేసి నువ్వు ఆ పని చెయ్యకు. ఆ 30 మార్కుల పనే రేపు నీ వృత్తి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లు చెయ్యాల్సిన 12 వారాల ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలైనా సివిల్ ఆఫీసులో చెయ్యి. ఫైలింగ్ సెక్షన్ దగ్గర ప్లెయింట్ అభ్యంతరాలతో రిటర్న్ అయి వస్తుంది చూడు, "కోర్టు ఫీజు ఎలా లెక్క కట్టారు", "డాక్యుమెంట్ల లిస్టు లేదు", "షెడ్యూల్లో హద్దులు లేవు" అని. ఆ అభ్యంతరాలు సరిచేసి మళ్లీ ప్రెజెంట్ చేసే పని నాకివ్వండి అని అడుగు. విసుగు పని అని మిగతావాళ్లు తప్పించుకుంటారు. నువ్వు తీసుకో. ఆర్డర్ 7 మొత్తం పది రిటర్నుల్లో వచ్చేస్తుంది.

డిక్రీ వచ్చాక ఏమిటి అన్నది క్లాసుల్లో చివరి వారం హడావిడిగా అయిపోతుంది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. మన దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. ఆర్డర్ 21లో 106 రూల్స్ ఉండటం అందుకే. ఈపీలని, అంటే డిక్రీ అమలు చెయ్యమని వేసే పిటిషన్లని, ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో రాహుల్ షా కేసులో ఆదేశించాల్సి వచ్చింది. మీ దావాకి సంబంధించినది రూల్ 32. ఇంజంక్షన్ డిక్రీ ఇచ్చాక కూడా అవతలి మనిషి కావాలని గట్టు దున్నేస్తే, ఈపీ వేసి అతని ఆస్తి జప్తు చేయించవచ్చు, సివిల్ జైలుకి పంపమని అడగవచ్చు. ఆ ఒక్క రూల్ ఇప్పుడే చదివి పెట్టుకో.

గైడు గురించి అడిగావు. పరీక్షకి ముందు వారం చదువు, తప్పులేదు. ఏడాదంతా దాన్నే చదివితే మాత్రం ఇప్పుడు ఉన్నచోటే ఉంటావు. కోచింగ్‌కి డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బుతో వారం వారం కోర్టుకి వెళ్లు. క్రిమినల్ వైపు ఇష్టంతో వెళ్తానంటే ఆనందంగా వెళ్లు, సీపీసీ భయంతో మాత్రం వద్దు. ఆ వైపూ ప్రొసీజర్ లేకుండా అడుగు పడదు. 2024 జులై 1 నుంచి క్రిమినల్ చట్టాలు, సాక్ష్య చట్టం కూడా కొత్తవి వచ్చాయి. 1909 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఈ కోడ్ సవరణలతో ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడు నేర్చుకున్నది వృథా పోదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష మీద ఆశ ఉంటే అదీ మనసులో పెట్టుకో. సుప్రీంకోర్టు 2025 మేలో మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని మళ్లీ చెప్పింది. అంటే కట్టలు విప్పే పని నీకు ఎలాగూ తప్పదు.

ఒక్క జాగ్రత్త. నువ్వింకా విద్యార్థినివి. కట్ట చదివి, రెండు తప్పులు కనిపెట్టి, నాన్నకి లాయరుగారి మీద అనుమానం పుట్టించకు. నీకు తప్పనిపించినదానికి ఆయన దగ్గర కారణం ఉండవచ్చు. ఏదైనా సందేహం వస్తే నాన్నతో కలిసి ఆఫీసుకి వెళ్లి, "సార్, ఇది నేర్చుకోవాలనుకుంటున్నాను, ఇక్కడ డిక్లరేషన్ ఎందుకు అడగలేదు?" అని మర్యాదగా అడుగు. మంచి లాయరైతే కుర్చీ వేసి చెబుతారు.

కమిషనర్ ఐ.ఏ. అలౌ అయితే, ఆయన ఏ రోజు వస్తారో రెండు పక్షాలకీ ముందే నోటీసు వస్తుంది. ఏమేం కొలవాలో, ఏమేం గమనించాలో చెబుతూ మీ లాయరుగారు కమిషనర్‌కి వర్క్ మెమో ఇస్తారు. ఆ మెమో కాపీ అడిగి చదువు. ఆ రోజు పరీక్ష లేకపోతే తప్పకుండా పొలానికి వెళ్లు. పాస్ పుస్తకం, దస్తావేజు జిరాక్సు, దొరికితే ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు నాన్న చేతికివ్వు. సర్వేయరు కొలత ఏ సర్వే రాయి దగ్గర మొదలుపెట్టారో, ఆ రాయి ఎవరు చూపించారో, అవతలివాళ్లు దానికి ఏమన్నారో నీ నోటుబుక్కులో తేదీ, టైముతో రాసుకో. సాయంత్రం ఇంటికొచ్చాక ఆర్డర్ 26 రూల్ 9, 10 తెరిచి, పొలంలో చూసింది పక్కన పెట్టుకుని చదువు. ఆ రిపోర్టు కోర్టుకి చేరాక అభ్యంతరాలకి వాయిదా వేస్తారు. ఆ వాయిదాకి నాన్నతో పాటు నువ్వూ వెళ్లు.